అవ్వకిచ్చిన చెమ్మ

మీరందరూ సభల్లో నన్ను ‘సముద్రాలు దాటి సేవ చేసి వచ్చిన పెద్దలు’ అని పరిచయం చేస్తుంటారు. వినడానికి బాగానే ఉంటుంది, హనుమంతుడి తర్వాత నేనే అన్నట్టు. ఆయన సముద్రం దాటి లంక కాల్చి వచ్చాడు. నేను సున్నం కాల్చి వచ్చాను. తేడా అంతే. ఆ సున్నం సంగతీ, దానికి ముందు జరిగిన సిమెంటు సంగతీ, కొత్తగా ఈ పనిలోకి వస్తున్న మీకు ఉపయోగపడినా పడకపోయినా చెప్పి పెడదామని కూర్చున్నాను. ఎవరి పేర్లూ రాయను. ఉన్నవాళ్లకు చదివే ఓపికా ఉంది, పోట్లాడే ఓపికా ఉంది.

డెబ్బైల చివర్లో నేను తిరుత్తణి పంచాయతీ యూనియన్ ఆఫీసులో ఓవర్సీరుని. తాగునీటి తొట్లు, కల్వర్టులు, బడి ప్రహరీలు కట్టించడం పని. పసిఫిక్ దీవుల్లో నీళ్ల పని తెలిసిన వలంటీర్లు కావాలని ఒక స్వచ్ఛంద సంస్థ పత్రికలో ప్రకటన వేసింది. మా హెడ్ క్లర్కు దాన్ని గట్టిగా చదివి, ‘ఓవర్సీరు ఓవర్సీస్ పోతే ఎట్లుంటుంది’ అన్నాడు. నవ్వి ఊరుకోవాల్సిన మాటకు దరఖాస్తు పెట్టాను. రెండేళ్లకు తీసుకున్నారు. ఎందుకు తీసుకున్నారో తర్వాత తెలిసింది. వచ్చినవాళ్లలో ఈత రాదని నిజం చెప్పింది నేనొక్కణ్నేనట. జీతం లేని సెలవు అడిగితే ఆఫీసు ఆ పూటే మంజూరు చేసింది. అంత చురుగ్గా అక్కడ ఏ కాగితమూ కదలగా నేను చూడలేదు. కాస్త బాధ కూడా వేసింది.

మా అమ్మ మాత్రం ఒకే ప్రశ్న వేసింది. “ఆడ నీళ్లు లేకపోతే ఇన్నాళ్లూ వాళ్లు యెట్ల బతికినారంట?” శిక్షణలో ఎవరూ వేయని ప్రశ్న అది. జవాబు తెలియక విమానం ఎక్కేశాను.

దీవి అంటే మీరు కొండలూ జలపాతాలూ ఊహించుకోకండి. పగిలిన కొబ్బరిచిప్ప అంచులాగా సముద్రంలో ఒక వంపు, అంతే. ఇటు మహాసముద్రం, అటు ఆ వంపులో చిక్కుకున్న ఉప్పునీటి కయ్య. రెంటి మధ్య నడక, తిరుత్తణి స్టేషను నుంచి కొండ మెట్ల దాకా కూడా ఉండదు. కొబ్బరిచెట్టు కంటే ఎత్తయినది ఏదీ లేదు. పుట్టినప్పటి నుంచి కొండ నీడలో బతికినవాణ్ని, నాలుగు వైపులా ఆకాశమే కనిపిస్తుంటే చొక్కా లేకుండా బజార్లో నిలబడ్డట్టుండేది.

పడవ దిగగానే ఒడ్డున లుంగీ కట్టుకుని ఉన్న ఒక మనిషి, “యాడ్నుంచి తమ్ముడా?” అన్నాడు. తెలుగు. నాకు మూర్ఛ వచ్చినంత పనయింది. ఆయనది పులికాట్ సరస్సు పక్కన ఆరంబాక్కం. పడవలు చెక్కడం నేర్పడానికి మూడేళ్లకని నాకంటే ఏడాది ముందు వచ్చిన వలంటీరు. నాది తిరుత్తణి అనగానే, “అయ్యో, కొండమింద నుంచి నేరుగా సముద్రంలో పడినావు గదా” అని నా పెట్టె అందుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయన నాకు అన్న. ఆయనకు నేను, ముద్దొస్తే తమ్ముడు, కోపమొస్తే ఓవర్సీరు. ఎక్కువ కాలం ఓవర్సీరుగానే ఉన్నాను.

ఆ దీవి భాష నేను ఏదో పని జరిగేంత నేర్చుకున్నాను. విన్నది నా చెవిలోకి వెళ్లేసరికి మా ఊరి యాసలోకి మారిపోయేది. అందుకని వాళ్ల మాటల్ని ఇక్కడ అలాగే రాస్తున్నాను. వాళ్లు ఒప్పుకుంటారనే నా నమ్మకం.

పని చెప్పుకోవడానికి చిన్నదే. అక్కడి బావుల్లో మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద పలచగా తేలుతుంటాయి. వానలు తప్పితే ఆ కాస్తా ఉప్పు తిరుగుతుంది, పిల్లల కడుపులు చెడతాయి. చర్చికి రేకుల కప్పు ఉంది. దాని మీద పడే వానను ఒక పెద్ద తొట్టిలోకి పట్టి ఉంచాలి. నేనొచ్చిన ఓడలోంచే సిమెంటు దించారు. మళ్లీ సిమెంటు కావాలంటే అడగడం, రాయడం, ఎదురుచూడడం కలిసి ఏడాది పని. కాబట్టి ఆ మూటలే నా ప్రాణం. వాటికోసం ఒక కొట్టు వేయించి తాళం పెట్టాను. తాళం చూసి దీవంతా వచ్చి నవ్వింది. అదివరకు వాళ్లు తాళం చూడలేదట.

నేను ఒక ముసలావిడ ఇంట్లో ఉండేవాణ్ని. అవ్వ అనే పిలిచేవాణ్ని. సగం పళ్లు లేవు, మాట మాత్రం అంతా ఉంది. ఒకనాడు సీమపనస కాల్చిపెట్టి, నేను తింటుండగా మామూలుగా అంది. “అబ్బోడా, నీ మూటల్లో ఒకటి నాకియ్యి. పందుల దొడ్డికి నేల పొయ్యాల.”

ఆ దీవిలో ఒక ఆచారం ఉంది. బుబుసి అంటారు. మన అనుకున్నవాడు ఏదైనా నోరు తెరిచి అడిగితే లేదనకూడదు. గొడ్డలైనా, పడవైనా, ఒంటిమీది చొక్కా అయినా ఇచ్చెయ్యాలి. ఈ సగం నేను వచ్చిన వారంలోనే విన్నాను. రెండో సగం ఉంటుందని తోచలేదు. మూట ఇచ్చాను. ఇచ్చాక లోపల ఒకరకమైన తియ్యటి పొంగు. మన ఇళ్లల్లో ఇవ్వడం అంటే అంత పెద్ద విషయం గదా.

ఆ తర్వాత వరస మొదలైంది. పాస్టరు గారికి చర్చి మెట్టు. ఒకాయనకు తండ్రి సమాధి. ఇంకొకాయనకు రేడియో కమ్మీ నిలబెట్టే దిమ్మె. మా ఆరంబాక్కం అన్న కూడా వచ్చి, పడవలకు లంగరు పోసుకుంటానని నిస్సిగ్గుగా అడిగాడు. సిమెంటు అడిగిన ప్రతివాడి దగ్గరా నాకు సెంటిమెంటు అడ్డొచ్చేది. తాళం నా మొలతాడుకే ఉంది, మూటలు మాత్రం దీవంతా నడిచివెళ్లాయి. పోనీలే, ఇంతమందికి ఇచ్చాం, పని మొదలెట్టే రోజున ఇంతమందీ వస్తారు గదా అని నా ధైర్యం.

ఆ రోజు వచ్చింది. ఒక పాత ఇనుప డబ్బా మోగిస్తూ ఊరంతా తిరిగి, సోమవారం పొద్దున తొట్టి పని, ఇంటికొకరు రావాలి అని తిరుత్తణి పద్ధతిలో చాటింపు వేశాను. సోమవారం నేనొక్కణ్నే వచ్చాను. మిగతావాళ్లు ఎవరి వాకిట్లో వాళ్లు మొగలాకు చాపలు అల్లుకుంటూ, దాటుతున్న నన్ను ఎంతో ఆప్యాయంగా పలకరించారు. మంగళవారం కూడా అదే ఆప్యాయత. మూడో వారానికి ఆ ఆప్యాయత చూస్తే ఒళ్లు మండేది.

ఈలోగా వానలు మొహం చాటేశాయి. పొద్దున టీ ఉప్పగా రావడం మొదలైంది. అవ్వ మనవరాలు, నడక వచ్చీ రాని పిల్ల, కడుపు చెడి వేలాడిపోయింది. కొబ్బరినీళ్ల మీద బతికించుకున్నారు. ఆ నాలుగు రోజులు అవ్వ నాతో ఎప్పటిలాగే మాట్లాడింది. తొట్టి సంగతి ఎత్తలేదు. ఎత్తితే బాగుండుననిపించింది. నన్ను తీసుకుపోయే ఓడ రావడానికి నెలలే ఉన్నాయి. కొట్టులో మిగిలిన సిమెంటు తొట్టి లోపలి పూతకు సరిపోతుంది. పూత పూయడానికి తొట్టే లేదు.

ఈ సోమరిపోతులతో ఏమీ కాదని అన్న దగ్గర కక్కేశాను. ఆయన చెక్క చివ్వుతూనే విన్నాడు.

“ఓవర్సీరూ, వచ్చినప్పట్నుంచి ఈ దీవిలో ఎవుర్నన్నా ఏమన్నా అడిగినావా?”

“నాకేం అవసరం? సంస్థ అన్నీ ఇస్తా వుండాది గదా.”

“అదే వచ్చిన గలాటా. సుమ్మనే ఇస్తా వుండావు, ఒకనాడన్నా అడగతా లేవు. వాళ్లతో నీకు పని లేదని వాళ్ల లెక్క. ఇచ్చేది మాత్రమే తెలిసినోడు చుట్టమెట్లవుతాడు? దొరవుతాడు. దొర తొట్టికి మట్టి యెవురు మోస్తారు?”

“పనికి రమ్మని చాటింపు వేసినాను గదన్నా.”

“అది అడిగిండేదా? జప్తుకొచ్చిన అమీనా మాదిరి చెప్పినావు. పొయ్యి కూచోని, మర్యాదగా అడుగు.”

అడుగు. ఎంత తేలికగా అన్నాడు! తొట్టికి అడుగు పడాలంటే ముందు నా నోట ఆ అడుగు పడాలన్నమాట. తెలుగు ఇలాంటి చోట మనిషిని భలే ఆడుకుంటుంది.

మీకు ఇదొక పెద్ద కష్టంగా కనిపించకపోవచ్చు. మా ఇంటి సంగతి తెలియదు మీకు. ఎప్పుడో రాయల కాలంలో ఇక్కడికొచ్చి సేద్యం పెట్టుకున్న కుటుంబం మాది. పొలాలు కరిగిపోయినా, ఒకరి ముందు చెయ్యి చాచకూడదనే పట్టింపు మాత్రం ఎకరం కూడా తగ్గలేదు. మా నాయన ఒకసారి మద్రాసు వెళ్లి తిరిగొస్తూ, ఇది ఏ రైలని పక్కవాణ్ని అడగడం నామోషీ అనుకుని, తిరువళ్లూరు మీదుగా పోవాల్సిన మనిషి గుమ్మిడిపూండి బండెక్కాడు. దిగాక అయినా అడగొచ్చు గదా. అడగలేదు. అక్కడ దూరపు చుట్టాలుంటే వాళ్లింటికి నడిచి వెళ్లి, మిమ్మల్ని చూసి పోదామనే వచ్చినానని చెప్పి, రాత్రి ఉండి, మర్నాడు వాళ్లే బండెక్కిస్తే ఇల్లు చేరాడు. ఆ చుట్టాలు ఇప్పటికీ ఆయన ప్రేమను తలుచుకుంటారు. అలాంటివాడి కొడుకుని నేను. నన్ను వెళ్లి అడగమంటున్నాడు, అదీ సున్నం దగ్గర్నుంచీ.

సున్నం ఎందుకంటే, దారి కూడా అన్నే చూపించాడు. పులికాట్ సరస్సు గుల్లలు కాల్చి సున్నం తీయడం వాళ్ల ఊరి వైపు మామూలు. ఈ దీవంతా పగడపు రాయే. రాతిగోడ సున్నంతో కట్టి, ఉన్న సిమెంటు లోపల పూస్తే తొట్టి అవుతుంది. కావాల్సింది రాళ్లు, కాల్చడానికి కొబ్బరి డొక్కలు, మోయడానికి జనం. అన్నీ వాళ్లవే.

దీవిలో ఏ మాట నిర్ణయమైనా పెద్ద కొట్టంలోనే. తాటాకు కొట్టానికి పెద్దన్నలాంటిది, గోడలు లేవు, ఒక్కో కుటుంబానికి ఒక్కో స్తంభం దగ్గర కూర్చునే చోటు. ఆ రోజు అందరూ వచ్చారు. నేను లేచి నిలబడ్డాను. నోటికి వచ్చింది, యూనియన్ ఆఫీసులో కంఠతా పట్టిన ఉపన్యాసం: కలుషిత నీటి వలన కలుగు వ్యాధులు. పాస్టరు గారు మర్యాదగా కళ్లు మూసుకున్నారు. ఊరి పెద్దాయన మర్యాద లేకుండానే నిద్రపోయాడు.

వెనకనుంచి అన్న గొంతు, తెలుగులో, మెల్లగా వినిపించింది. “సామీ, చాలు. అడుగు.”

కూర్చుండిపోయాను. వాళ్లలాగే బాసిపట్టు వేసుకుని నేలమీద. తల వంచుకుని అన్నాను. “నా దగ్గర సిమెంటు లేదు. తొట్టి కట్టడం నా ఒక్కడి వల్ల కాదు. నాకు రాళ్లు కావాల. డొక్కలు కావాల. మీ చేతులు కావాల. అడగతా వుండాను. ఇయ్యండి.”

నా చెవులు వేడెక్కి, మా నాయన ఎక్కడో తిరుత్తణిలో నిద్రలో ఉలిక్కిపడి ఉంటాడనుకున్నాను. పెద్దాయన కళ్లు తెరిచి, “వీనికి నోరుండాదే” అన్నాడు. అప్పుడు నవ్వారు, అందరూ. ఎగతాళి నవ్వు కాదది, చాలాకాలంగా పట్టేసిన నరం వదిలినప్పటి నవ్వు. అవ్వ మాత్రం నవ్వలేదు. నా దగ్గరికి జరిగి, భుజం మీద ఒకటి వేసింది.

“ఇన్నాళ్లూ అడక్కుండా ఏం జేస్తా వుంటివి రా? పాప బాగలేనప్పుడు, మా అబ్బోడు పని చెయ్యమని ఒక్క మాట అడిగితే చాలునే అని నేను యెంత కాచుకోనుంటినో నీకేమి తెలుసు?”

ఒకరి పనిలో, వాళ్లు అడక్కుండా ఇంకొకరు చేతులు పెట్టరు. అది వాళ్ల మర్యాద. నాకు మర్యాద చేస్తూనే వాళ్లు దాహంతో కూర్చున్నారు. నేను మర్యాద పోతుందని కూర్చున్నాను. రెండు మర్యాదల మధ్య తొట్టి లేవనే లేదు. మీరెక్కడికి పోయినా, మీరివ్వగలిగింది ఏమిటో రాసుకునే ముందు, అక్కడ మీరు అడగాల్సింది ఏముందో చూసుకోండి. ఉపదేశం ఇంతటితో ఆపేస్తాను. పాస్టరు గారు కళ్లు మూసుకుంటారు.

మర్నాటి నుంచి తొట్టి దగ్గర తిరణాల. సున్నం మాత్రం అంత సులువుగా లొంగలేదు. అన్న తమ ఊరి బట్టీల గురించి చెప్పిన గొప్పలకు దీవంతా నోరు తెరుచుకుని చూస్తుంటే, మొదటి బట్టీలో రాళ్లు కాలీ కాలక, నీళ్లు పోస్తే ఉడకాల్సినవి చల్లగా చూస్తూ ఉండిపోయాయి. “ఈ వూరి నిప్పులోనే కారం లేదు” అన్నాడు అన్న, ఏమాత్రం తొణక్కుండా. రెండోది పొంగింది. మన వైపు సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలుపుతారు గదా, అక్కడ బెల్లం లేదు. తీపికల్లు కాచిన పాకం ఉంది. అదే పోశాం. మద్యనిషేధం ఉన్న జిల్లా నుంచి వచ్చిన నేను, కల్లుతో గోడ కట్టించాను. గోడ నిలబడింది, మేస్త్రీలు కొన్నిసార్లు నిలబడలేదు.

నాకు అడగడం అలవాటై, వ్యసనం కూడా అయింది. గాలం అడిగాను, చాప అడిగాను, ఒకాయన టోపీ అడిగాను. ఇచ్చినవాళ్లంతా నాకు వరసలు కలిపారు.

తొట్టి పూర్తయింది. ప్లానులో గుండ్రంగా ఉన్నది, మా తిరుత్తణి చేతివాటం వల్ల చతురస్రంగా తేలింది. ఓడ వచ్చింది, దాంతోపాటు సంస్థ అధికారి. నిక్కరు వేసుకున్న దొర. మోకాళ్లు ఎండకు కాలి టమాటాల్లా ఉన్నాయి. తొట్టి చుట్టూ తిరిగి, లోపలికి వంగి చూసి, నీళ్లేవీ అన్నాడు. వాన రావాలి సార్ అన్నాను. వస్తుందిలే, పడవెక్కు అన్నాడు. నా పెట్టె, అన్న పెట్టె అప్పటికే పడవలో ఉన్నాయి. నా సెలవు కూడా అయిపోవచ్చింది.

పెద్దాయన నీళ్లలో మోకాళ్లదాకా దిగి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. “వాన పడేదాకా ఉండప్పా. అడగతా వుండాను.”

కొట్టంలో అంతమంది ముందు అడిగి పుచ్చుకున్నవాణ్ని. ఇప్పుడు లేదనకూడదు. నా పెట్టె నేనే దించుకున్నాను. దొరకు ఇది ఎలా చెప్పాలో తెలియక, ఆ పని అన్నకే అప్పగించాను. అన్న పడవలోంచి, “మీ ఆఫీసులో ఏం చెప్పేది?” అన్నాడు. నాక్కొంచెం పని మిగిలిందని చెప్పమన్నాను. తర్వాత ఆ ఆలస్యానికి తిరుత్తణి కుర్చీ పోయి, నన్ను పూండి ఆనకట్ట దగ్గరికి మార్చారు. రోజూ అంత పెద్ద జలాశయాన్ని చూస్తూ కూర్చోవడం, నీళ్ల కోసం కాచుకున్నవాడికి శిక్షో బహుమానమో తేల్చుకోలేకపోయాను.

వాన ఒక మధ్యాహ్నం వచ్చింది. రేకుల మీద మోత, కాలవలోంచి ధార, ఊరంతా తడుస్తూ తొట్టి చుట్టూ. గోడకు చెవులు ఆనించి వింటున్నారు. తెరిపిచ్చేసరికి సగం నిండింది. నేను గోడలన్నీ తడుముతూ వచ్చాను. మూడు పక్కలా పొడి. నాలుగో పక్క, అడుగున, చెమ్మ. మెల్లగా ఊరి, కింద ఇసుకలోకి దిగుతోంది. తొట్టికి ప్రమాదమేమీ లేదు. నా పేరుకే ప్రమాదం. దాచిపెట్టిన సిమెంటు కాస్త ఉంది. తాపీ పట్టుకుని బయలుదేరాను.

అవ్వ ఆ చెమ్మ పక్కనే గొంతుక్కూర్చుని, తడి ఇసుకను పిడికిట్లోకి తీసుకుని చూస్తోంది. ఆ దీవిలో ఏ మొక్కకైనా ఎప్పుడూ మంచినీళ్లు పోసినవాళ్లు లేరు. మనుషులకే చాలవు.

“అబ్బోడా, ఈ కారే జాగా నాకియ్యి.”

“అవ్వా, దీన్ని పూడ్చాల. ఇది తప్పు.”

“తప్పో ఒప్పో నాకెందుకు? అడగతా వుండాను గదా.”

తాపీ తీసుకుపోయి కొట్టులో పెట్టాను. అవ్వ అక్కడ గుమ్మడి గింజలు నాటింది. ఆకులు కుళ్లబెట్టి ఎరువు వేసింది. నెల తిరిగేసరికి తీగ పాస్టరు గారి మెట్టు దాకా పాకింది. తొట్టి నీళ్లు దీవంతా తాగింది. అవ్వ మనవరాలు తొట్టి గోడ పట్టుకుని పరుగులు నేర్చింది.

తర్వాతి ఓడలో అదే దొర. ఈసారి నీళ్లు తాగి చూశాడు, మెచ్చుకున్నాడు, నా భుజం తట్టాడు. ఆ తట్టే చెయ్యి ఆగింది. చెమ్మ చూశాడు. ఇదెందుకు పూడ్చలేదన్నాడు. అది నాది కాదు సార్, ఆవిడకిచ్చేశాను అన్నాను. నీళ్లు కారే చోటును ఎవరైనా దానం చేస్తారా అని ఆయన ముఖం అడిగింది. వెళ్లే పడవ కాచుకుని ఉంది. ఆయన గడియారం చూసుకుని, ఆవిడను అడుగు, ఆ చోటు మనకు వదిలెయ్యమని అడుగు, ఒక మనిషిని పెట్టి పూత వేయిద్దాం అన్నాడు.

అడగమన్నాడు. అక్కడే వచ్చింది చిక్కు. నేను ఆ మాట అవ్వ చెవిన వేస్తే, ఆమె లేదనదు. అనలేదు. నవ్వుతూ తన చేత్తోనే తీగ పీకి, జరిగి, ఇంద అంటుంది. ఆ తర్వాత ఏ మూలనైనా కూర్చుని ఏడుస్తుందేమో కూడా మనకు తెలియనివ్వదు.

“అవ్వా,” అన్నాను, “దొర నిన్నొకటి అడగతా వుండాడు.”

అవ్వ మట్టి చేతులు తుడుచుకుని నిలబడింది. “యేం కావాలంట?”

“గుమ్మడికాయ.”

అవ్వ ముఖం విప్పారింది. తీగల్లోకి వంగి, అటూ ఇటూ కొట్టి చూసి, అన్నిట్లోకీ పెద్దది కోసి, దొర రెండు చేతుల్లోనూ పెట్టింది. ఆయన బరువుకు కాస్త వంగి, ఆమె ఒప్పుకున్నట్టేనా అని ఇంగ్లీషులో అడిగాడు. అడిగింది మనస్ఫూర్తిగా ఇచ్చింది సార్ అన్నాను. అది అబద్ధం కాదు.

ఆయన గుమ్మడికాయను చంటిబిడ్డలా ఎత్తుకుని పడవెక్కాడు. పక్కనే నేనూ ఎక్కాను. పూత వేయాల్సిన మనిషి గురించి ఓడ చేరేదాకా ఆయన అడగలేదు. అడిగి ఉంటే చెప్పక తప్పేది కాదు గనక, నేను ఆయన చేతిలోని కాయ ఎంత బాగుందో మాట్లాడుతూ కూర్చున్నాను.